ఎలుగులకు పూచీపడ్డ యువరాజు

మధుగిరి రాజ్యంలో వసంతం ముందు ముక్కుకు తెలుస్తుంది, ఆ తర్వాతే కంటికి. కొండల నిండా ఇప్పచెట్లు. తెల్లవారేసరికి ప్రతి చెట్టు కిందా వెన్నముద్దల్లాంటి పూలు రాలి, నేల కనిపించకుండా పరుచుకుంటాయి. ఆ తీపి వాసన లోయలోకి దిగి, పల్లెల మీదుగా పాకి, కోటగోడలెక్కి, కావలి భటుల చేత కూడా కమ్మని ఆవులింతలు పెట్టిస్తుంది. మోదుగలు ఎర్రగా విరగబూస్తాయి. సెలయేళ్ళు సన్నబడి గులకరాళ్ళ మధ్య గుసగుసలాడతాయి. కోయిలలకు గొంతు నొప్పెట్టినా పాట ఆపవు. ఇంత అందమైన ఋతువు రాగానే ఆ రాజ్యంవాళ్ళు చేసే మొదటి పని ఎలుగులను చంపడం.

ఏటా ఇప్పపూలు రాలడం మొదలుకాగానే రాజు భీమశౌర్యుడు అడవి అంచున నిలబడి వేటకొమ్ము ఊదేవాడు. కొమ్ము మోగిందా, ఈటెలు, విల్లులు, వేటకుక్కలు ఒక్కసారిగా అడవిలోకి దూకేవి. పూత అయిపోయేవరకు వేట సాగేది. తాతల నాటి ఆచారం. తాతలు ఎందుకు పెట్టారో అడిగినవాడు లేడు, చెప్పగలిగినవాడు అసలే లేడు.

ఆ ఏడు కూడా కొమ్ము రాజు పెదవులను తాకబోతున్న సమయాన గుంపులోంచి ఒక కేక వినిపించింది.

"ఆగండి మహారాజా!"

జనాన్ని తోసుకుంటూ ఒక తేనె వర్తకుడు ముందుకు వచ్చాడు. భుజాన కావడి, తలకు మాసిన పాగా. వేషం అదే గాని అతడు వర్తకుడు కాడు. రత్నకూటం యువరాజు కుముదసేనుడు. తన తండ్రిని మాయనిద్రలో ముంచి పారిపోయిన కాలధూముడనే మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ ఇలా దేశాలు తిరుగుతున్నాడు. అతడి వెనక రొప్పుతూ వస్తున్న బొద్దుమనిషి మంత్రికొడుకు పింగళుడు. ఆకలికి తప్ప మరి దేనికీ లొంగని ధీరుడు.

"ఎవడివిరా నువ్వు? వేటకొమ్ముకే అడ్డొస్తావా?" అని రాజు కళ్ళెర్రజేశాడు.

"తేనె అమ్ముకునేవాణ్ణి మహారాజా. అడవిలో తిరిగేవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. ఈ వేట ఎందుకు?"

"ఎందుకా? ఈ పూల కోసం ఎలుగులు ఊళ్ళ మీద పడుతున్నాయి. నిరుడు ఎంతమంది ముఖాలు చీరేశాయో ఆ ఇప్పగూడెం వాళ్ళను అడుగు. కన్నబిడ్డల్లాంటి ప్రజలను అవి చీరుతుంటే నన్ను చేతులు ముడుచుకు కూర్చోమంటావా?"

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. భీమశౌర్యుడు దుర్మార్గుడు కాడు. మనసు మంచిదే, చేస్తున్న పనే తప్పు. లోకంలో ఇలాంటివాళ్ళతోనే ఎక్కువ చిక్కు. దుర్మార్గుణ్ణయితే కత్తితో ఎదిరించవచ్చు, మంచివాడికి నచ్చజెప్పాలి.

"కూర్చోవద్దు మహారాజా. కాని మీ తాతగారి కాలం నుంచీ చంపుతూనే ఉన్నారు. గాయపడేవాళ్ళు తగ్గారా?"

ఆ ప్రశ్న రాజుకు కొత్త.

"తగ్గకపోవడానికి కారణం మనం చాలినన్ని చంపకపోవడమే ప్రభూ!" అంటూ రాజు పక్కనున్న ఆస్థాన వైద్యుడు సోమభట్టు అందుకున్నాడు. పొద్దు పొడవకముందు నుంచి పొద్దుగుంకేదాకా తలమీద తాటాకు గొడుగు దించని విచిత్రమైన మనిషి. వేటలో పడిన ప్రతి ఎలుగు పిత్తమూ ముందు అతడి కుప్పెలోకి చేరాలి. ఏదో దివ్యౌషధం తయారు చేస్తున్నానని చెప్పి ఏళ్ళ తరబడి పోగుచేస్తున్నాడు, మందు మాత్రం ఇంతవరకు ఎవరికీ పెట్టలేదు.

కుముదసేనుడు ఆ గొడుగు వైపు ఒక్క క్షణం చూసి, రాజుకు మళ్ళీ నమస్కరించాడు. "మీ రాజ్యంలో ఒక కట్టుబాటు ఉందని విన్నాను. చావుశిక్ష పడినవాడి కోసం ఎవరైనా తన తల అడ్డుపెట్టి పూచీపడితే, గడువు తీరేదాకా శిక్ష ఆపుతారట. ఈ అడవిలోని ఎలుగులన్నిటికీ నేను పూచీ."

జనం గొల్లుమన్నారు. సోమభట్టు గొడుగు ఊగేలా నవ్వాడు. "మృగాలకు పూచీయా? పిచ్చి ముదిరింది వీడికి!"

రాజు మాత్రం నవ్వలేదు. "మా తాతగారు ఒక మదపుటేనుగును చంపించబోతే మావటివాడు పూచీపడ్డాడు. తాతగారు ఒప్పుకున్నారు. ఏనుగుకు చెల్లింది ఎలుగుకు ఎందుకు చెల్లదు? విను తేనెలవాడా! ఇప్పపూత ముగిసేవరకు కొమ్ము ఊదను. ఈలోగా ఎలుగు వల్ల ఒక్క మనిషి ఒంటి నుంచి నెత్తురు చుక్క రాలినా నీ తల రాలుతుంది. రాలకపోతే మధుగిరిలో ఎలుగుల వేట శాశ్వతంగా రద్దు. సరేనా?"

"సరే" అన్నాడు కుముదసేనుడు.

పింగళుడు నెత్తి కొట్టుకుని అతడి చెవిలో గొణిగాడు. "కొరివితో తల గోక్కున్నవాళ్ళ గురించి విన్నాను యువరాజా! ఏకంగా కొలిమిలో తలపెట్టినవాణ్ణి ఇవాళే చూస్తున్నాను."

ఆ సాయంత్రానికే ఇద్దరూ ఇప్పగూడెం చేరుకున్నారు. అడవిని ఆనుకుని ఉన్న చక్కని పల్లె అది. ఎర్రమట్టి గోడలు, గోడల మీద తెల్లని ముగ్గులు, ప్రతి పెరట్లోనూ ఎండబోసిన ఇప్పపూలు. ఊరిపెద్ద గంగులవ్వ చుట్టకాలుస్తూ ఎదురొచ్చింది. ఎడమ చెంప మీద ఎలుగు గోరు గీసిన పాత మచ్చ.

"నువ్వేనా, ఎలుగ్గొడ్లకి జామీను నిలబడ్డ పిల్లగాడివి? తల నున్నగా బాగానే ఉంది. ఎన్నాళ్ళుంటదో!" అని అవ్వ పకపకా నవ్వింది. "కూసోండి. అంబలి తాగుదురు."

పింగళుడికి అంబలి చాలలేదని వేరే చెప్పాలా? కుముదసేనుడు అవ్వతో మాట్లాడుతుండగా ఆ మహానుభావుడు ముక్కు చూపిన దారిన వెళ్ళి, గడప పక్కన మూతలేని ముంత ఒకటి కనిపెట్టాడు. నిండా తేనె, అందులో నానబెట్టిన ఇప్పపూలు. అరుగు మీద బాసింపట్టు వేసుకుని ఆరగించడం మొదలుపెట్టాడు. పొద్దు కొండ వెనక్కి ఒరుగుతోంది. ఎవరో పక్కన కూర్చుని గట్టిగా ఊపిరి తీస్తున్నట్టు అనిపించింది.

"ఆశపడకు నాయనా, నాకే చాలదు" అంటూ పింగళుడు తల తిప్పాడు.

నల్లని జూలు, పొడుగాటి మూతి, గుండె మీద వెన్నెల చీలికలాంటి తెల్లని మచ్చ. సాక్షాత్తు ఎలుగుబంటి! దాని వీపు మీద పిల్ల ఒకటి గుర్రపు రౌతులా కూర్చుని ఉంది.

ఎలుగు ముందుకాళ్ళు ఎత్తింది. అవ్వ కెవ్వుమంది. ఇరుగుపొరుగు బల్లేలు అందుకున్నారు. కుముదసేనుడు ఒక్క గంతులో వాకిట్లోకి వచ్చి, "ఎవరూ కదలొద్దు! పింగళా, ముంత విసిరెయ్!" అని అరిచాడు.

పుట్టిన తర్వాత మొదటిసారిగా పింగళుడు తిండిని విసిరేశాడు. ముంత దొర్లుకుంటూ వీధి చివరిదాకా పోయింది. ఎలుగు దాని వెంటే పోయి, ముంత నాకి, అక్కడి నుంచి పక్కింటి గడపకు, ఆ తర్వాత ఎదురింటి గడపకు తీరిగ్గా వెళ్ళి, ప్రతిచోటా ఒక ముంత ఖాళీ చేసి, పిల్లతో సహా అడవిలోకి వెళ్ళిపోయింది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

కుముదసేనుడు ఒక్కొక్క గడపనే చూస్తూ నిలబడ్డాడు. "అవ్వా, ఈ ముంతలేమిటి?"

"ఎలుగు దేవరకి పెట్టుకుంటం నాయనా. ఇప్పపూత కాలమంతా పొద్దుగూకే యేళకి ప్రతి గడప కాడా తేనె పెడతం. ఆ సామి కడుపునిండా తిని, తన బిడ్డల్ని మా యిళ్ళ మీదకి తోలకుండా చూస్తాడని. తెల్లారేసరికి ముంతలు ఖాళీ! దేవర తిన్నాడని అందరం దండం పెట్టుకుంటం."

"తింటున్నది ఎవరో ఇప్పుడు చూశావు కదా?"

అవ్వ చుట్ట నోట్లోంచి తీసింది. చూసింది. ఊరంతా చూసింది. ఎలుగులు రాకూడదని మొక్కుకుని, వాటికి ఇష్టమైన తిండి గుమ్మంలో పెట్టి, తలుపు వేసుకుని తరతరాలుగా కాపురాలు చేస్తున్నారు. పొద్దున్నే తలుపు తీసినవాడికి ముంత నాకి వెళ్తున్న ఎలుగు ఎదురవుతుంది. ఉలిక్కిపడిన ఎలుగు పంజా విసురుతుంది. ఆ పంజాకు జవాబుగా రాజు వేటకొమ్ము ఊదుతాడు. చచ్చిన తల్లుల పిల్లలు ఆకలితో మళ్ళీ ముంతల దగ్గరికే వస్తాయి. 

"దేవుణ్ణి విందుకు మనమే పిలిచి, వచ్చాడని మనమే చంపిస్తున్నామా అవ్వా?" అన్నాడు కుముదసేనుడు మెల్లగా.

అవ్వ కోపంగా లేచింది. "అయితే దేవరకి తేనె మానెయ్యమంటావా? మా తాతముత్తాతలు తెలివితక్కువోళ్ళా? ఆ ముంత మానేసిన ఏడు ఊరు ఉంటదా?"

ఊళ్ళోవాళ్ళందరూ అవ్వ వైపే నిలబడ్డారు. కుముదసేనుడి మెడ చల్లబడింది. ముంతలు అక్కడే ఉంటే రేపో ఎల్లుండో నెత్తురు చిందడం ఖాయం, తల తెగడం అంతకన్నా ఖాయం. అయినా అతడు గొంతు పెంచలేదు. "మానెయ్యవద్దు అవ్వా. దేవర ఉండేది ఎక్కడ?"

"అడవిలో. వాగవతల నల్లరాతి గుహ కాడ."

"మీ ఆడబిడ్డకు సారె పెట్టాలంటే ఆమె అత్తవారింటికి మోసుకెళ్తారా, లేక మీ గుమ్మంలో పెట్టి ఆమెనే వచ్చి ఎత్తుకుపొమ్మంటారా?"

అవ్వ చెంప మీది మచ్చను వేలితో రాసుకుంది. చివరికి ఆమె ముఖం విప్పారింది. "ఒరే! యిన్నేళ్ళూ దేవరని బిచ్చగాడిలా గుమ్మాల ముందు తిప్పినమే! తప్పయిపోయింది సామీ! రేపు డప్పులతో సారె మోసుకుపోవాల్సిందే!"

మరునాటి ఊరేగింపు చూసి తీరవలసినది. పసుపు రాసిన కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు, డప్పులతో మగవాళ్ళు, అందరికన్నా ముందు గంగులవ్వ. వాగు దాటి, నల్లరాతి మీద తేనె పోసి, దండాలు పెట్టి పట్టపగలే తిరిగొచ్చారు. పొలిమేరలోని ఇప్పపూలు ఊరివాళ్ళవి, వాగవతలివన్నీ దేవర బిడ్డలవి అని అవ్వే తీర్పు చెప్పింది. పెరళ్ళలో ఎండబోసిన పూలు ఇళ్ళలోకి చేరాయి. ఊరి చుట్టూ రేగుముళ్ళ కంచె లేచింది.

కుముదసేనుడు ఇంకొక్క మాటే చెప్పాడు. "ఎలుగుకు చూపు తక్కువ, ఉలుకు ఎక్కువ. పరాయివాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు గుమ్మం ముందు దగ్గుతాం కదా? అడవిలోకి వెళ్ళేటప్పుడూ అలాగే దగ్గండి. అది పక్కకు తప్పుకుంటుంది."

ఇక ఇప్పగూడెం అడవిలో దగ్గులే దగ్గులు! కట్టెలకు వెళ్ళేవాడు దగ్గుతున్నాడు, పూలేరే పడుచులు దగ్గుతూ నవ్వుతున్నారు, పాటలో చరణానికీ చరణానికీ మధ్య ఒక దగ్గు. ఎలుగులు వాగవతల చెదల పుట్టలు తవ్వుకుంటూ, పూలు మెక్కుతూ, చెట్ల కింద వెల్లకిలా పడి నిద్రపోతున్నాయి. ఊళ్ళో తలుపులు ధైర్యంగా తెరుచుకుంటున్నాయి. కుముదసేనుడికి ఆ రోజులు ఎంత హాయిగా గడిచాయంటే, తల తాకట్టులో ఉందన్న సంగతి అప్పుడప్పుడు పింగళుడు గుర్తుచేయవలసి వచ్చేది. 

మనుషులు సుఖంగా ఉంటే ఓర్వలేనివాడు ఒకడు ఉండనే ఉన్నాడు. ఇప్పచెట్ల కొమ్మలు బోడిగా మారి, పూత ముగియబోతున్న రోజున రాజు స్వయంగా వచ్చి ఇప్పగూడెం బయట గుడారం వేశాడు. సోమభట్టు వినయంగా తల వంచి, "ప్రభూ, ఈ ఊరి ఆచారం ప్రకారం ఎలుగు దేవరకు తేనె పెట్టాలి" అంటూ గుడారం లోపల తేనెకుండలు పెట్టించాడు. అవి అతడే తెప్పించినవి. వాగు నుంచి గుడారం దాకా దారిపొడుగునా తేనె చిలకరించినది కూడా అతడే. ఊరివాళ్ళు ఆ ఆచారం మానేశారని రాజుకు తెలియదు, చెప్పేవాడు దగ్గర లేడు.

పొద్దు వాలుతుండగా పింగళుడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "యువరాజా! దారిమీద తేనె! నేను నేలమీద నాకలేదు, ఒట్టు! కాని ఆ చుక్కలు తిన్నగా రాజుగారి గుడారంలోకి పోతున్నాయి!"

కుముదసేనుడు పరుగు లంకించుకున్నాడు. కంచె దూకాడు, గుర్రపుశాల దాటాడు, అడ్డొచ్చిన భటుణ్ణి భుజంతో తోసేశాడు. గుడారం చుట్టూ వేటగాళ్ళు విల్లులు ఎక్కుపెట్టి నిలబడి ఉన్నారు. లోపల ఒక మూలన భీమశౌర్యుడు, చేతిలో బాకు. వాకిలికి అడ్డంగా తల్లి ఎలుగు, దాని పక్కన పిల్ల. రెండూ కుండల్లో మూతులు పెట్టాయి. 

"కొట్టండి! ప్రభువును కాపాడండి!" అని సోమభట్టు గొడుగు కింద నుంచి అరుస్తున్నాడు.

"బాణం తగిలితే అది చావకముందే రాజును చీరేస్తుంది! దించండి విల్లులు!" అని కుముదసేనుడు గద్దించాడు. ఆ గొంతు తేనెలవాడిది కాదు. రాజులను ఆజ్ఞాపించడానికి పుట్టినవాడిది. వేటగాళ్ళు తెలియకుండానే విల్లులు దించారు. 

అతడు గుడారం వెనక్కి వెళ్ళి, కత్తితో తాళ్ళు కోసి, గుడ్డను పైకెత్తాడు. అడవి గాలి లోపలికి వీచింది. "మహారాజా, బాకు దించండి. కదలకండి. మెల్లగా దగ్గండి."

"ఏమిటీ?"

"దగ్గండి మహారాజా!"

మధుగిరి సార్వభౌముడు, వేటకొమ్ము వారసుడు, గుడారపు గుంజకు ఆనుకుని ఖళ్ళుఖళ్ళున దగ్గాడు. తల్లి ఎలుగు ఉలిక్కిపడి తలెత్తింది, ముక్కు ఎగబీల్చింది, మనిషి ఎక్కడున్నాడో తెలుసుకుంది. తెరిచిన వైపు నుంచి అడవి వాసన తగిలింది. తీరిగ్గా రాజు పక్కనుంచే నడిచి బయటికి వెళ్ళిపోయింది. రాజు ఒంటిమీద గీత కూడా లేదు.

రాజు గుడారం అదిరేలా నవ్వాడు. "నా తేనె తాగి, నన్ను పలకరించకుండా పోయిందే! ఇంతకాలం ఈ అమాయకపు జీవాన్నా నేను..." అతడి నవ్వు అక్కడ ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని మొలలోని వేటకొమ్ము తీసి కుముదసేనుడి చేతిలో పెట్టాడు. "నీ పూచీ నిలిచింది. నీ తల నీదే. ఎలుగు ఊరివైపు వస్తుంటే జనాన్ని హెచ్చరించడానికి తప్ప ఈ కొమ్ము ఇక మోగదు."

అందరూ జయజయధ్వానాలు చేస్తుండగా, గుడారంలో కుండొకటి దొర్లింది. పిల్ల ఎలుగు తల కుండలో ఇరుక్కుని తల్లి వెంట పోలేకపోయింది! అది గుడ్డిగా తడుముకుంటూ సోమభట్టు కాళ్ళకు తగిలింది.

"ఇదొక్కటి చాలు! ఈ ఒక్క పిత్తంతో నా మంత్రం పూర్తవుతుంది!" వైద్యుడి గొంతు రాళ్ళు నూరినట్టు మారిపోయింది. పిల్లను చంకన పెట్టుకున్నాడు. ఆ పెనుగులాటలో గొడుగు ఎగిరిపోయింది. వాలిన పొద్దులో గుర్రాలకు, గుంజలకు, అందరికీ పొడుగాటి నీడలు. అతడికి మాత్రం నీడ లేదు.

"కాలధూముడు! నీడ లేనిది వాడొక్కడికే!" అన్నాడు కుముదసేనుడు. ఎవడి కోసం దేశాలన్నీ గాలించాడో ఆ మాంత్రికుడు ఇన్నాళ్ళూ గొడుగు కింద ఎదురుగానే ఉన్నాడు.

మాంత్రికుడు ఈల వేశాడు. కొండ మీది నుంచి గుర్రమంత గద్ద దిగింది. పిల్లతో సహా దానిపైకి లంఘించి, పడమటి కొండల వైపు ఎగిరిపోయాడు. కుండలోంచి పిల్ల ఏడుపు గాలిలో సన్నగా వినిపించింది.

అడవి అంచున ఆ ఏడుపుకు జవాబుగా ఒక గర్జన లేచింది. తల్లి ఎలుగు తిరిగి వస్తోంది. ఈసారి తీరిగ్గా కాదు. రాళ్ళు ఎగిరిపడుతున్నాయి, పొదలు విరిగిపడుతున్నాయి. జనం చెల్లాచెదురయ్యారు. వేటగాళ్ళ చేతులు మళ్ళీ అమ్ములపొదుల మీదికి పోయాయి.

"వద్దు" అన్నాడు కుముదసేనుడు. ఒంటరిగా ఎదురు నడిచి, దారి మధ్యలో నిలబడ్డాడు. కత్తి కింద పెట్టాడు. దగ్గాడు.

తల్లి ఎలుగు అతడి ముందుకొచ్చి వెనక కాళ్ళ మీద లేచింది. దాని వేడి ఊపిరి అతడి ముఖానికి తగులుతోంది. అతడికి భయం వేసింది. ఆ భయంకన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

"అమ్మా, ఇన్నాళ్ళూ నీ తరఫున మనుషులకు పూచీపడ్డాను. నువ్వు మాట నిలబెట్టావు, నా తల మిగిలింది. తప్పిందల్లా మా మనుషులే. ఇవాళ మనుషుల తరఫున నీకు పూచీపడుతున్నాను. నీ బిడ్డను తెచ్చి ఇస్తాను. తేలేకపోతే ఈ తల నీది."

ఎలుగుకు మాటలు అర్థమయ్యాయో లేదో చెప్పడానికి మనమెవరం? అది అతడి అరచేయి వాసన చూసింది. ముందుకాళ్ళు నేలకు దించింది. మూతి పైకెత్తి గాలిని లాగి, బిడ్డ వాసన ఎటు పోయిందో పట్టుకుని, పడమటి కొండల వైపు పరుగు తీసింది.

రాజు తన గుర్రాన్ని తానే పట్టుకొచ్చి కళ్ళెం అందించాడు. గంగులవ్వ పరుగున వచ్చి ఒక తేనె ముంత జీనుకు కట్టింది. "పిల్లకి ఆకలేస్తది నాయనా. నీ స్నేహితుణ్ణి మాత్రం దీని దగ్గరకి రానియ్యకు" అంది.

"అవ్వా!" అని పింగళుడు నొచ్చుకుంటూ ఇంకో గుర్రం వెతుక్కున్నాడు.

కుముదసేనుడు గుర్రాన్ని అదిలించాడు. ముందు తల్లి ఎలుగు, వెనక దానికి తల తాకట్టు పెట్టిన యువరాజు. వేటగాళ్ళు రెండుగా చీలి, విల్లులు నేలకు దించి, ఇద్దరికీ దారి ఇచ్చారు.